బంగళా వంటింటి జీతం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత మిషను చరిత్రలో మనం చదవని పుట

ఉపోద్ఘాతం

మన వేదాంత కళాశాలల్లో మిషను చరిత్ర బోధించేటప్పుడు మిషనరీల రాక, మొదటి బాప్తిస్మములు, బడులు, ఆసుపత్రులు, దేవాలయాల నిర్మాణం అనే వరుసలో పాఠం సాగుతుంది. హైదరాబాదు సంస్థానంలో వెస్లియన్ మెథడిస్టు మిషను సేవ 1879లో ఆరంభమైందనీ, రెవ. విలియం బర్జెస్, రెవ. బెంజమిన్ ప్రాట్ గార్లు తొలి తరం సేవకులనీ, 1880వ దశకంలోనే ఆ సేవ కరీంనగర్ చేరిందనీ విద్యార్థులు పరీక్షల్లో రాస్తారు. ఇదంతా సరియైనదే. అయితే ఆ మిషనరీల ఇంట నీళ్లు కాచినవారెవరు? వంట చేసినవారెవరు? వారి పిల్లలను ఎత్తుకొని పెంచినవారెవరు? వారిని ఎట్లా కుదుర్చుకొన్నారు, జీతం ఎట్లా ఇచ్చారు? ఈ ప్రశ్నలు మన పాఠంలో లేవు.

ఇవి చిన్న ప్రశ్నలని మేము తలంచడం లేదు. ప్రసంగం వినని గ్రామస్థుడు కూడా బంగళాలో పనిచేసే తన బంధువుకు నెలాఖరున ఏమి ముట్టిందో విన్నాడు. పరదేశి అయిన క్రైస్తవుడు తన పనివానితో ఎట్లా నడుచుకొన్నాడన్నది సువార్తకు ముందుగా చేరిన సాక్ష్యం. ఆ సాక్ష్యంలోని మంచినీ కొరతనూ పరిశీలించి, అది నేటి పాస్టరు ఇంటికి ఏమి చెప్పుచున్నదో చూపించడమే ఈ వ్యాస ఉద్దేశం.

1. 'జీతం' అనే మాట

ముందుగా ఈ ప్రాంతంలో 'జీతం' అనే మాటకున్న బరువును గమనించాలి. పట్టణంలో జీతమంటే నెల జీతం. కానీ కరీంనగర్ పల్లెల్లో 'జీతం ఉండడం' అంటే ఒక ఆసామి ఇంట ఏడాది పొడవునా పనికి కుదరడం. 'జీతగాడు' అనే మాటలో చాలాసార్లు అప్పు కూడా దాగి ఉండేది. తండ్రి తీసుకొన్న అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. వడ్డీ తీరేది కాదు, జీతమూ తీరేది కాదు. ఈ పద్ధతినే సంస్థానంలో 'భగేలా' అని కూడా పిలిచారు. దానిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధననూ, 1943లో ఒక చట్టాన్నీ చేయవలసి వచ్చింది.

ఇక వెట్టిచాకిరి సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. దొరలు, దేశ్‌ముఖులు, గ్రామానికి వచ్చే సర్కారు అధికారులు – వీరందరికీ కుమ్మరి, చాకలి, మంగలి, మాల, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా పనిచేయాలి. నీళ్లు మోయాలి, కట్టెలు తేవాలి, సామాను తరువాతి ఊరిదాకా చేర్చాలి. గడీలలో ఇంటి పని 'ఆడబాప'లనే స్త్రీలది. దొర కూతురు అత్తవారింటికి పోయేటప్పుడు ఆమె వెంట వీరినీ పంపేవారు. జీతం మాట అటుంచి, తమ బ్రతుకు తమది అని చెప్పుకొనే హక్కు కూడా వారికి లేదు.

ఆదిలాబాద్ అడవుల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము మరణించిన తరువాత, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ తన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించాడు. 1945లో వెలువడిన ఆయన గ్రంథం 'ట్రైబల్ హైదరాబాద్'. ఆదివాసుల భూములు చేజారడం, వెట్టి, అప్పు బానిసత్వం ఆయన పట్టించుకొన్న ముఖ్య సమస్యలు.

1976లో భారత ప్రభుత్వం కట్టు బానిసత్వ నిర్మూలన చట్టం చేసినప్పుడు, దేశంలోని అటువంటి పద్ధతుల పేర్లను ఒక పట్టికగా చేర్చింది. అందులో భగేలా, జీత, పాలేరు, వెట్టి అనే నాలుగు పేర్లు ఉన్నాయి. మనం ప్రతి నెలా సంతకం చేసి పుచ్చుకొనే 'జీతం' ఒక కాలంలో ఈ జిల్లాల్లో సంకెళ్లకు కూడా పేరు. రోమా 6:23లో పాపము ఇచ్చేదానికి సైతం మన తెలుగు బైబిలు 'జీతము' అనే మాటనే వాడింది. ఆ వచనాన్ని ఒక జీతగాడు మొదటిసారి విన్నప్పుడు అతని మనస్సులో ఏమి మెదిలి ఉంటుందో బోధకులమైన మనం ఆలోచించదగినది.

2. బంగళాకు అంతమంది ఎందుకు?

ఇటువంటి నేలమీద మిషను బంగళా లేచింది. ఒకరిద్దరు దొరలు, దొరసానులు ఉండే ఇంటికి అంతమంది పనివారు ఎందుకని నేటి విద్యార్థులు అడుగుతారు. దీనికి కారణాలున్నాయి.

మొదటిది, ఇంటి పని స్వభావం. కొళాయి లేదు, విద్యుత్తు లేదు. నీళ్లు బావి నుండి తోడి, మోసి, కాచి, వడగట్టాలి. కట్టెల పొయ్యిమీద వంట. కిరోసిన్ దీపాలు ప్రతిరోజూ తుడవాలి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1920వ దశకం చివరికి గాని పూర్తి కాలేదు. అంతవరకు బండ్ల మీదనే సామాను రావాలి. రెండవది, కుల వ్యవస్థ. ఒక పని చేసేవాడు మరొక పని ముట్టడు గనుక వంటకు ఒకరు, నీళ్లకు ఒకరు, ఊడ్చడానికి ఒకరు, బట్టలకు ఒకరు, గుర్రానికి ఒకరు అవసరమయ్యారు. మూడవది, క్యాంపు. మిషనరీ గ్రామాలకు పోయేటప్పుడు గుడారం, మంచం, వంట సామాను, మందులు, పుస్తకాలు బండిపై తరలాలి. దొరకంటె ముందుగా వంటమనిషి ఆ ఊరు చేరాలి.

నాలుగవ కారణం మనం ఎక్కువగా మరచిపోయేది. మిషనరీ భార్యలు బడులు నడిపారు, జెనానాలకు పోయి స్త్రీలకు చదువు చెప్పారు. ఈ సేవకు సాధారణంగా వారికి వేరే జీతం ఉండేది కాదు. వారు ఇల్లు విడిచి పోగలిగింది ఇంట ఒక ఆయా, ఒక వంటమనిషి ఉన్నందుననే. కనుక దొరసాని గారు బోధించిన ప్రతి స్త్రీ వెనుక ఆయా గడిపిన ఒక పగలు ఉన్నది. నివేదికలలో మొదటిది లెక్కకు వచ్చింది, రెండవది రాలేదు.

3. కుదుర్చుకొనే పద్ధతి

మిషనరీలు ఇంటి పనివారిని పెట్టుకొనే పద్ధతిని తాము కనిపెట్టలేదు. అప్పటికే అలవాటైన ఆంగ్లో-ఇండియన్ పద్ధతిని అందుకొన్నారు. 1806 నుండి సికిందరాబాదు దండు ఉన్నది. మద్రాసు సైన్యంతో పాటు బట్లర్లు, కుక్కులు, మేటీలు, ఆయాలు కూడా వచ్చారు. వీరిలో తమిళులు అనేకులు.

కొత్తగా వచ్చిన ఆంగ్ల గృహిణి కొరకు మార్గదర్శక గ్రంథాలు కూడా ఉండేవి. ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి రాసిన 'ది కంప్లీట్ ఇండియన్ హౌస్‌కీపర్ అండ్ కుక్' 1880వ దశకం చివర వెలువడి అనేక ముద్రణలు పొందింది. ఏ ప్రాంతంలో ఏ పనివానికి ఎంత ఇవ్వాలి, ఎవరి పని ఏది, లెక్క ఎట్లా చూడాలి అని అందులో వివరించారు. ఇల్లు నడపడం ఒక చిన్న సామ్రాజ్యాన్ని ఏలడం వంటిదన్న భావం ఆ గ్రంథంలో స్పష్టం. సువార్త కొరకు వచ్చిన కుటుంబం కూడా ఇల్లు నడిపే విద్యను ఇటువంటి వాతావరణంలోనే నేర్చుకొన్నది.

పనికి వచ్చేవాడు 'చిట్టి' తెచ్చేవాడు. పాత యజమాని రాసిచ్చిన యోగ్యతా పత్రమది. ఆంగ్లంలో ఉండడం చేత అందులో ఏమున్నదో తెచ్చినవానికే తెలియదు. ఒక చిట్టి పోగొట్టుకొన్నవాడు తన గతాన్నే పోగొట్టుకొన్నట్టు. బజారు సామాను బట్లరు తెచ్చేవాడు. అందులో అతడు తీసుకొనే కొంత 'దస్తూరీ'. దొరసాని దృష్టిలో అది దొంగతనం, బట్లరు దృష్టిలో అది వాడుక. ఇరుపక్షాల నడుమ ప్రతిరోజూ లెక్కల పుస్తకం తెరిచేటప్పుడు ఈ అపనమ్మకమే కూర్చొని ఉండేది.

పల్లకీలు, మేనాలు మోసిన మన బోయీల పేరు కూడా ఆంగ్లేయుల వాడుకలోకి పోయింది. 1886లో ప్రచురితమైన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు, పల్లకీ మోసేవానిని 'బాయ్' అనడానికి మూలం తెలుగు 'బోయి' అని చెప్పింది. ఆంగ్లంలో 'బాయ్' అంటే పిల్లవాడు. మన కులం పేరు, వారి భాషలో పిల్లవాని పేరు ఒకటిగా కలిసిపోయి, నెరసిన తలగల మనిషి కూడా 'బాయ్' అని పిలిపించుకొన్నాడు.

4. ఏ రూపాయి?

జీతం విషయంలో ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉండేది. నిజాం సంస్థానానికి సొంత నాణెం ఉన్నది. దానిని 'హాలీ సిక్కా' అన్నారు. బ్రిటిషు ఇండియా రూపాయిని 'కల్దార్' అన్నారు. రెంటి విలువ ఒకటి కాదు. బజారులో మారకం మారుతూ ఉండేది. తరువాతి కాలంలో స్థిరపడిన లెక్క ప్రకారం 100 కల్దార్ రూపాయలకు సుమారు 116 రూపాయల 10 అణాల హాలీ, అనగా 6 కల్దార్‌కు 7 హాలీ.

మిషను సొమ్ము లండన్ నుండి వచ్చేది గనుక దాని లెక్క కల్దార్‌లో. కరీంనగర్ అంగడిలో బియ్యం, ఉప్పు కొనేది హాలీలో. ఉదాహరణకు 'నెలకు ఆరు రూపాయలు' అని ఒక పనివానితో మాట్లాడుకొన్నారనుకొందాం. ఏ రూపాయి అన్నది ముందుగా తేల్చకపోతే, కల్దార్ ఆశించి హాలీ పుచ్చుకొన్నవానికి ప్రతి ఏడు రూపాయల్లో ఒకటి తక్కువ పడుతుంది. ఏడాదికి 12 హాలీ రూపాయలు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. మాట తేటగా లేదు, అంతే. బలహీనుని జీతం చాలాసార్లు ఇట్లానే తరుగుతుంది.

యాకోబు లాబానుల సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. ఆదికాండము 29:15లో లాబాను జీతమెంతో చెప్పమని తానే అడిగాడు. 31:7లో యాకోబు ఆ జీతం పదిమార్లు మారిందని తన భార్యలతో మొరపెట్టుకొన్నాడు. యాకోబు పరదేశంలో ఉన్నాడు, బంధువు ఇంటనే ఉన్నాడు. అయినను మాట నిలువలేదు.

5. బంగళా ఏమి మార్చింది, ఏమి మార్చలేదు

ఇప్పుడు తూచి చూద్దాం. బంగళాలో పనికి కుదిరిన మాల, మాదిగ కుటుంబాలకు మూడు కొత్త సంగతులు ఎదురయ్యాయి. ఒకటి, నెల నెలా చేతికి డబ్బు. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం కాదు, తన ఇష్టం వచ్చిన చోట ఖర్చు చేసుకోగల నాణెం. రెండు, మానివేయగల స్వేచ్ఛ. చిట్టి తీసుకొని మరొక ఇంటికి పోవచ్చు. మూడు, పిల్లలకు బడి సమీపంలోకి వచ్చింది. గడీలో ఆడబాపకు ఈ మూడింటిలో ఒకటి కూడా లేదు. వెట్టి దేశంలో ఇది చిన్న మార్పు కాదు. ఊరివాడు ముట్టని చేతి వంటను దొర బల్లమీద తినడం కూడా ఒక ప్రసంగమే.

కాని బంగళా మార్చనివి కూడా ఉన్నాయి. వంటిల్లు ఇంటికి దూరంగా, పనివారి గదులు పెరటి చివర. పనివాడు నిలుచుండాలి, చెప్పులు బయట విడవాలి. మన ప్రజలు మిషనరీని 'దొర' అనే పిలిచారు, ఆయన భార్యను 'దొరసాని' అన్నారు. గడీలో ఉన్నవానికీ అదే పేరు. సువార్త చెప్పడానికి వచ్చినవాడు ఆ పేరును పూర్తిగా వదిలించుకోలేకపోయాడు.

ఈ యజమాని-పనివాడు సంబంధం వంటింటితో ఆగలేదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మాట్లాడిన వి.ఎస్. అజరయ్య గారు విదేశీ మిషనరీకీ స్వదేశీ సేవకునికీ నడుమ నిజమైన స్నేహం కొరవడిందని నొచ్చుకొన్నారు. జీతమిచ్చేవాడు, పుచ్చుకొనేవాడు అనే సంబంధం ఆ స్నేహానికి అడ్డుగా నిలిచిందన్నది ఆయన బాధ. రెండేండ్ల తరువాత, 1912లో, ఆయనే దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆయన మాటలు ఉపదేశకుల గురించినవే. అయినను పెరటి గుమ్మం వద్ద నిలిచిన ఆయాకూ అవి వర్తిస్తాయని మా అభిప్రాయం.

6. 1978: ఒకే సంవత్సరం

దొరలు పోయారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1978లో కరీంనగర్ డయోసిస్ ఏర్పడింది. అదే 1978లో, సెప్టెంబరు 7న, జగిత్యాలలో వేలాది రైతు కూలీలు 'జైత్రయాత్ర' జరిపారు. వెట్టి పోవాలి, జీతగాండ్ల జీతం పెరగాలి అన్నవి ఆనాటి ఉద్యమ డిమాండ్లలో ముఖ్యమైనవి. ఆ అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

ఈ రెండు సంఘటనలను ఒక పుటలో పెట్టి బోధించిన తరగతి మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు మాకు తారసపడలేదు. ఉద్యమ మార్గంతో మనం ఏకీభవించినా లేకున్నా, ఆ కూలీల ప్రశ్న మాత్రం బైబిలు ప్రశ్నే. యాకోబు పత్రిక 5:4 కోత కోసినవారి కూలి బిగబట్టినవారిని గద్దించింది. యిర్మీయా 22:13 జీతమియ్యక పని చేయించుకొనేవానికి శ్రమ అని పలికింది.

7. నేడు పరదేశి ఎవరు?

నేడు ఈ కథ తలక్రిందులైంది. 1970వ దశకం నుండి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల మనుష్యులు గల్ఫ్ దేశాలకు పోవుచున్నారు. అనేకులు నిర్మాణ పనులకు పోయినా, కొందరు ఇండ్లలో డ్రైవర్లుగా, వంటవారిగా, తోటమాలులుగా, స్త్రీలైతే 'ఖద్దామా'లుగా పనిచేయుచున్నారు. ఒకనాడు పరదేశి మన ఊరికి వచ్చి మనలను పనికి పెట్టుకొన్నాడు. ఇప్పుడు మనమే పరదేశులమై ఇతరుల ఇంట పనికి కుదురుచున్నాం.

అక్కడ ఇంటి పని చేసేవాని స్థితి మిగిలిన కార్మికుని స్థితివంటిది కాదు. సౌదీ అరేబియా 2005 కార్మిక చట్టం ఇంటి పనివారిని తన పరిధి నుండి మినహాయించింది. 2013లో వారికి వేరుగా నియమావళి వచ్చింది. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం ద్వారా వారపు సెలవు, జీతంతో కూడిన వార్షిక సెలవు వంటి హక్కులను గుర్తించి, 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కొరకు 189వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానికి ఓటు వేసింది గాని, ధ్రువీకరించలేదు. ఇతర దేశాలను తప్పుపట్టేటప్పుడు ఈ చివరి మాట మరువరాదు.

గల్ఫ్‌లో మన సంఘస్థులు కేవలం పనివారే కాదు. మంచి ఉద్యోగాలలో ఉండి తమ ఇంట పనివారిని పెట్టుకొన్నవారు కూడా ఉన్నారు. ఒకే ఆరాధనలో యజమానురాలు, పనిమనిషి ప్రక్క ప్రక్క వరుసల్లో కూర్చుంటారు. అటువంటి సంఘానికి కొలొస్సయులకు 4:1 ఎట్లా ప్రసంగిస్తామన్నది పాస్టరుకు నిజమైన పరీక్ష.

8. మన గుమ్మం

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇక మా సంగతి ఒప్పుకొనవలసియున్నది. మేము సేవచేసిన ఒక చోట మా ఇంట బోళ్లు తోమి, బట్టలుతికే ఒక సహోదరి ఉండేది. ఆమె మా సంఘ సభ్యురాలే. ఒక ఏడు మాకు రావలసిన జీతం మూడు నెలలు ఆలస్యమైంది. మేము ఆమె జీతాన్ని కూడా ఆపివేశాం. రాగానే ఇద్దామనుకొన్నాం. ఆమె ఒకసారి కూడా అడుగలేదు. చివరికి మేమే ప్రస్తావించగా, "మీకే రాలేదు గద అయ్యగారూ, నాకెట్ల ఇస్తరు?" అన్నది. కాని ఆ మూడు నెలలు ఆమెకు కిరాణా దుకాణంలో ఉద్దెర పెరిగిందనీ, కొడుకు బడి ఫీజు ఆగిందనీ తరువాత తెలిసింది. మాకు రాని జీతం గురించి మేము పై అధికారులకు ఉత్తరం రాయగలిగాం. ఆమె ఎవరికి రాయాలి? ద్వితీయోపదేశకాండము 24:15 బీదవాడు ఆ కూలి మీదనే మనస్సు పెట్టుకొని ఉంటాడని చెప్పుచున్నది. ఆ భాగం మీద మేము అంతకుముందు రెండుసార్లు ప్రసంగించి ఉన్నాం.

బంగళా పోయినా బంగళా పద్ధతి మన పాస్టరు ఇండ్లలో, హాస్టళ్లలో, విద్యాలయాల వంటశాలల్లో నిలిచి ఉన్నది. 'మన పిల్లే గదా', 'తిండి పెడుతున్నాం గదా', 'దేవుని సేవ గదా' అనే మూడు మాటలతో జీతం తగ్గుతుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటి పనివారిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చిన సంగతి మన సంఘాలలో ఎంతమందికి తెలుసు?

కనుక సేవకులమైన మనం కొన్ని పనులు చేయవచ్చును. పని, గంటలు, జీతం, జీతం ఇచ్చే తేదీ ముందుగా తేటగా చెప్పాలి, కాగితంమీద రాసి ఒక ప్రతి పనివారికి వారి భాషలో ఇవ్వాలి. మన జీతం ఆలస్యమైనా వారి జీతం ఆలస్యం కాకుండ చూడాలి. వారానికి ఒక దినం సెలవు ఇవ్వాలి, అది ఆదివారం గుడి ఊడ్చే దినం కాకూడదు. అప్పు ఇస్తే అది పనికి కట్టివేసే త్రాడు కారాదు. బడి ఈడు పిల్లలను పనికి పెట్టుకోరాదు.

ముగింపు

విద్యార్థులకు ఒక మనవి. మిషను చరిత్రపై సిద్ధాంత వ్యాసం రాయదలచినవారు పాత పాస్టరేట్లలోని బాప్తిస్మపు రిజిస్టర్లు తెరవండి. తల్లిదండ్రుల పేర్ల ప్రక్కన వృత్తి రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో కుక్కు, ఆయా, తోటమాలి, గుర్రపువాడు అని రాసిన పేర్లను ఒక కాగితం మీదికి ఎత్తి రాయండి. వారి మనుమలు, మునిమనుమలు మన సంఘాలలోనే ఉన్నారు. వృద్ధులు ఉన్నప్పుడే వారి మాటలు వినండి. రెవ. ఎఫ్. కోల్యర్ సాకెట్ గారు హైదరాబాదు మిషను యాభై ఏండ్ల చరిత్ర రాశారు. ఆ యాభై ఏండ్లు అన్నం వండినవారి చరిత్ర మనం రాయవలసియున్నది.

నయమాను ఇంట పరదేశంలో పనిచేసిన చిన్నదాని పేరు రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం చెప్పలేదు. కాని ఆమె నోటి మాట వలననే ఆ సేనాధిపతి స్వస్థత పొందాడు. అబ్రాహాము ఇంట పనిచేసిన ఐగుప్తీయురాలైన హాగరును మాత్రం దేవుని దూత పేరుపెట్టి పిలిచాడు, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి పోవుచున్నావు అని అడిగాడు. శారా ఆమెను అడిగినట్టు ఆదికాండంలో కనిపించని ప్రశ్న అది. మన ఇంట పనిచేసే సహోదరిని ఈ నెల మనం అడుగగలిగితే, ఆ తరువాత ఆమె జీతం తేదీకి ఆమె చేతిలో పెట్టగలిగితే, ఈ వ్యాసం వ్యర్థం కాలేదని తలుస్తాం.